పాత మోరిస్ మైనర్‌లో పెట్రోలు ఎక్కడికి పోతోంది: మైలేజీ పని డైరీ

మొదటి రోజు

ఈ డైరీలోని కారు 1967లో తయారైన మోరిస్ మైనర్ 1000. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేయగా 1948లో తొలిసారి బయటికి వచ్చిన ఈ నమూనాకు 1962 నుంచి 1098 సీసీల ఏ-సిరీస్ ఇంజిను, దానికి గాలిలో పెట్రోలును కలిపే ఒకే ఒక్క ఎస్‌యూ కార్బురేటర్ అమర్చారు. నా చేతికి వచ్చి మూడేళ్ళయింది. ఉదయం ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది, ఎత్తు మీద కూడా సణగకుండా లాగుతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ రాదు. ఇన్ని మంచి గుణాలున్న బండి పెట్రోలు దగ్గరికి వచ్చేసరికి చిల్లుకుండ అయిపోతుంటే, పాత బండి కదా అని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఈ ఇంజిను కొత్తలో చూపిన పొదుపు ఇప్పుడు ఎన్ని చోట్ల, ఎంతెంతగా కారిపోతోందో ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇంజిను మార్చను, కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ పెట్టను, బాడీకి చిల్లు వేయను.

పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతాలు, గాలిని సుడి తిప్పే రేకులు, ట్యాంకులో వేసే మాత్రలు కూడా ఈ పనిలోకి రావు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గ ఆదా ఇచ్చేది ఒక్కటీ కనబడలేదని తేల్చింది. అరిగిపోయిన దాన్ని సరిచేయకుండా కొత్తది తగిలిస్తే, తగిలించినదాని గుణమేమిటో ఎప్పటికీ తెలియదు.

మూడో రోజు

పనిముట్లు పట్టుకునే ముందు కొలత కుదరాలి. వెళ్ళి అదే చోటికి తిరిగివచ్చే ఒక దారిని ఎంచుకుని, జీపీఎస్‌తో కొలిస్తే 84 కిలోమీటర్లు వచ్చింది. కొంత రద్దీ, కొంత ఎత్తుపల్లం, మిగిలినదంతా తెరిపి రోడ్డు; తెరిపి రోడ్డు మీద వేగం 75 దాటించకూడదన్నది నియమం. ఒక్కో పరీక్షకు ఈ దారి రెండుసార్లు తిరగాలి, అంటే 168 కిలోమీటర్లు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండిని ఒకే గుర్తు మీద నిలిపి, ట్యాంకు గొంతులో పెట్రోలు కనబడేదాకా నింపి బయల్దేరాలి. తిరిగివచ్చాక అదే మట్టానికి మళ్ళీ నింపి, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవాలి. నింపడంలో పావు లీటరు అటూ ఇటూ కావడం సహజం కనుక, రెండు శాతం లోపు తేడా వస్తే దాన్ని లాభంగా లెక్కించకూడదని ముందే రాసిపెట్టుకున్నాను. లేకపోతే చేసిన పని మీద ఉన్న మమకారం అంకెల్లోకి దూరిపోతుంది.

ఇంధనం కూడా ఒకే రకం ఉండాలి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండే శక్తికి సుమారు మూడింట రెండు వంతులే. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే, మిగతా అన్నీ మారకపోయినా మైలేజీ సుమారు మూడు శాతం తగ్గుతుంది. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి పోసుకుంటూ కార్బురేటర్ గురించి తీర్పు చెప్పడం కుదరదు. అందువల్ల అన్ని పరీక్షలకూ పది శాతం మిశ్రమమే వాడాను.

తొలి పరీక్షలో 16.6 లీటర్లు పట్టింది. లీటరుకు 10.1 కిలోమీటర్లు.

ఇక్కడే మొదటి పాఠం ఎదురైంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి కారు ఓడోమీటరు 84కు బదులు 89.3 చూపింది. ఇన్నాళ్ళూ ఆ అంకెనే నమ్మి లీటరుకు పదకొండుకు దగ్గరగా ఇస్తోందని అనుకుంటున్నాను. నిజం అంతకన్నా చేదుగా ఉంది. తప్పు ఓడోమీటరుది కాదు. పాత యజమాని వేయించిన 165/65 ఆర్14 టైరు వ్యాసం లెక్క ప్రకారం 570 మిల్లీమీటర్లు. ఈ కారుకు మొదట్లో వచ్చిన 5.20-14 టైరు దీనికన్నా మూడు సెంటీమీటర్లకు పైగా ఎత్తు ఉండేది. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. ఓడోమీటరు తిరిగిన చుట్లను లెక్కపెడుతుందే తప్ప రోడ్డును కొలవదు. ఎక్కువసార్లు తిరిగే చక్రం ఇంజినును కూడా ఎక్కువగా తిప్పుతోందన్న సంగతి అప్పుడే తట్టింది కాని, దాన్ని చివరికి వాయిదా వేశాను. ఉన్న టైర్లతోనే మిగతా జబ్బులన్నీ తేలాలి.

ఎనిమిదో రోజు

మొదట ఇంజిను జోలికి పోకుండా, బండి ఎంత తేలిగ్గా దొర్లుతోందో చూశాను. సమతలంగా, నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి, బ్రేకు ముట్టకుండా బండి తనంతట తాను ఆగేదాకా ఎంత దూరం పోతుందో కొలవడం పద్ధతి. గాలి, వాలు ప్రభావం పోవడానికి రెండు దిక్కులా చేసి సగటు తీశాను. 410 మీటర్లు వచ్చింది. ఆగిన వెంటనే చక్రాల దగ్గరికి వెళ్ళి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టి చూస్తే, కుడి ముందు డ్రమ్ము 41 డిగ్రీలు, ఎడమ ముందు డ్రమ్ము 78 డిగ్రీలు. నాలుగు కిలోమీటర్లుగా బ్రేకు పెడలు మీద కాలే వేయలేదు. అయినా ఒక చక్రం వేడెక్కిందంటే, ఆ వేడి అంతా ఇంజిను ఇచ్చిన శక్తే, అంటే పెట్రోలే.

ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే అర చుట్టుకే ఆగిపోయింది. బ్రేకు ఫ్లూయిడ్‌ను బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ వదులు చేయగానే కొంచెం ఫ్లూయిడ్ చిమ్మింది, చక్రం స్వేచ్ఛగా తిరగసాగింది. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూల తప్పు కాదు, పైపులో ఒత్తిడి నిలిచిపోతోందన్నమాట. రబ్బరు హోస్ పైకి నున్నగా బాగానే ఉంది. విప్పి ఊదితే గాలి బలవంతాన పోయింది, వెనక్కి పీల్చితే అసలే రాలేదు. లోపలి పొర ఉబ్బి మూసుకుపోయింది. పెడలు ఒత్తిడికి ఫ్లూయిడ్ లోపలికి పోతుంది, షూ స్ప్రింగుల బలానికి మాత్రం వెనక్కి రాలేదు. ఇది మైలేజీకన్నా ముందు ప్రాణానికి సంబంధించిన లోపం కనుక మూడు హోసులూ ఒకేసారి మార్చాను. ముందు చక్రాలకు రెండేసి, వెనుక చక్రాలకు ఒక్కొక్కటి ఉండే, షూల సందు సరిచేసే అడ్జస్టర్లను పట్టేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వరకు వెనక్కి వదిలాను. హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా అతిగా బిగించి ఉంది, వదులు చేశాను. టైర్లలో 22 ఉన్న గాలిని ఈ రేడియల్ టైర్లకు తగినట్టు 28 పీఎస్ఐకి పెంచాను. టో-ఇన్ కొలిస్తే ముందు చక్రాలు ఉండవలసిన దానికన్నా బాగా లోపలికి తిరిగి ఉన్నాయి. టైరు బయటి అంచుల్లో కనబడిన రంపపు పళ్ళ అరుగుదలకు కారణం అదే. దాన్నీ సరిచేశాను.

మళ్ళీ దొర్లించి చూస్తే 505 మీటర్లు వచ్చింది. 168 కిలోమీటర్లకు 15.7 లీటర్లు, అంటే లీటరుకు 10.7. ఇంజిను మీద స్పానర్ పెట్టకుండానే ఐదు శాతానికి పైగా మిగిలింది.

పదిహేనో రోజు

కారులో ఉష్ణోగ్రత మీటరు లేదు. గంట సేపు నడిచాక కూడా హీటరు గోరువెచ్చని గాలే ఇస్తుండటం నాకు ఎప్పటి నుంచో అనుమానంగా ఉంది. ఇంజిను తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్ మూత దగ్గర కొలిస్తే 58 డిగ్రీలు. మూత విప్పితే లోపల థర్మోస్టాట్ లేనే లేదు. ఇంజిను వేడెక్కుతోందని ఎప్పుడో ఎవరో తీసి పారేశారు. ఇది పాత కార్లకు చేసే అతి సాధారణమైన, అతి ఖరీదైన మేలు. మందు వేయవలసింది రేడియేటరుకైతే, థర్మోస్టాట్‌ను శిక్షించారు.

చల్లగా ఉన్న ఇంజిను పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుందో విడమరచి చెప్పుకోవాలి. కార్బురేటర్ పెట్రోలును తుంపరగా మారుస్తుంది తప్ప ఆవిరి చేయదు. ఆవిరి కావడానికి, గాలి పెట్రోలు మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే ఇన్‌లెట్ మానిఫోల్డు వేడి, సిలిండర్ గోడల వేడి కావాలి. ఆ వేడి చాలకపోతే తుంపర గోడలకు తడిగా అంటుకుని, కొంత కాలకుండానే బయటికి పోతుంది, కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి జారుతుంది. అందువల్ల ఇంజిను నిలకడగా నడవడానికి మిశ్రమాన్ని చిక్కగా ఉంచవలసి వస్తుంది, అందుకోసం ఉన్న చోక్‌ను ఎక్కువసేపు లాగి ఉంచవలసి వస్తుంది. చల్లటి ఆయిల్ చిక్కదనం వల్ల కలిగే రాపిడి దీనికి అదనం.

రేడియేటర్‌ను తిరగేసి, కింది గొట్టం నుంచి పైకి నీళ్ళు పంపి కడిగితే తుప్పు రంగు బురద బయటపడింది. బ్లాక్ అడుగున ఉన్న డ్రెయిన్ ట్యాపు లోంచి మొదట ఏమీ రాలేదు. తీగతో పొడిచాక ధార కట్టింది. తరువాత 82 డిగ్రీల థర్మోస్టాట్ వేశాను. వేసే ముందు దాన్ని గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి మరిగిస్తూ, తెరుచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత కళ్ళారా చూసుకున్నాను. ఇప్పుడు మూత దగ్గర 80 నుంచి 84 మధ్య నిలకడగా ఉంటోంది, ఎత్తు ఎక్కినా 90 దాటలేదు.

పరీక్షలో 15.0 లీటర్లు, లీటరుకు 11.2.

ఇరవై రెండో రోజు

ట్యూనింగుకు ఒక వరస ఉంది: ముందు వాల్వులను తెరిచే ట్యాపెట్లు, తరువాత నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్, అన్నిటికన్నా చివర కార్బురేటర్. ఈ వరస తప్పితే నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే పాయింట్ల లోపాన్ని మిశ్రమంతో కప్పిపుచ్చడం, దాన్ని మళ్ళీ నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని, అంటే టైమింగ్‌ను, జరిపి సర్దడం, ఇలా ముడి మీద ముడి పడుతుంది.

మిశ్రమాన్ని అదిమే ఒత్తిడి, అంటే కంప్రెషన్, నాలుగు సిలిండర్లలోనూ 148 నుంచి 155 పీఎస్ఐ మధ్య ఉంది. కంగారు పడవలసింది లేదు. ట్యాపెట్ గ్యాపు చల్లటి ఇంజిను మీద 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర ఫీలర్ గేజ్‌లో 0.15 ఆకు కూడా బిగువుగా దూరింది. గ్యాపు అంత తగ్గితే వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది కూడా. సమయానికి చూశాను. పాయింట్ల గ్యాపు 0.38 ప్రాంతంలో ఉండవలసింది 0.22 ఉంది. పాయింట్లను నడిపే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గేకొద్దీ నిప్పురవ్వ ఆలస్యంగా పుడుతుంది. అంటే టైమింగ్ తనంతట తానే వెనక్కి జరిగిపోతుంది. కొత్త పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు వేసి, ప్లగ్గుల గ్యాపు 0.64కు సరిచేసి, టైమింగ్ లైటుతో పుస్తకంలో చెప్పిన చోటికి తెచ్చాను. విప్పిన ప్లగ్గుల మొనలు నాలుగూ మసిబట్టి, పొడి నల్లరంగులో ఉన్నాయి.

ఇంత పని చేశాక 14.7 లీటర్లు వచ్చింది, లీటరుకు 11.4. తేడా నేను పెట్టుకున్న రెండు శాతం గీత దగ్గరే ఉంది కనుక దీన్ని లాభంగా రాసుకోలేదు. బండి నడక మాత్రం స్పష్టంగా మెత్తబడింది. నాకు నిరాశ కలిగింది. ఇగ్నిషన్‌లోనే పెద్ద దొంగ ఉంటాడని అనుకున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

పెద్ద దొంగ ఇగ్నిషన్‌లోనే ఉన్నాడు. నేను చూసిన చోట లేడు, అంతే.

ప్లగ్గులకు నిప్పురవ్వను వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బీ ఆకారంలో వాక్యూమ్ అడ్వాన్స్ యూనిట్ ఉంటుంది. అందులో ఒక పల్చటి పొర. కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ అంచు దగ్గరి చిన్న రంధ్రం నుంచి సన్నటి పైపు ద్వారా వచ్చే వాక్యూమ్ ఆ పొరను లాగితే, పొర పాయింట్ల పళ్ళేన్ని కొద్దిగా తిప్పి నిప్పురవ్వను ముందుకు జరుపుతుంది. ఆ పైపును యూనిట్ నుంచి కాకుండా కార్బురేటర్ వైపు నుంచి ఊడదీసి, చివర శుభ్రంగా తుడిచి, నోట పెట్టుకుని పీల్చాను. యూనిట్ బాగుంటే ఊపిరి ఒకచోట ఆగిపోవాలి, నాలుకతో పైపు మొన మూస్తే పట్టు నిలవాలి, మూత తీసిన డిస్ట్రిబ్యూటర్‌లో పళ్ళెం కదిలి అక్కడే ఉండాలి. నాకు గాలి ధారాళంగా వచ్చింది. పళ్ళెం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పైపును యూనిట్ దగ్గర విప్పి, వేలితో మూసి పీల్చితే పట్టు నిలిచింది. పైపు మంచిదే, లోపలి పొర చిరిగిపోయింది.

ఈ చిన్న పొరకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, నిప్పు అంటుకున్న క్షణానికీ సిలిండర్‌లో ఒత్తిడి శిఖరానికి చేరే క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. పిస్టన్ పై అంచు దాటిన తరువాత 15 డిగ్రీల ప్రాంతంలో ఆ శిఖరం వస్తేనే మంటలోని బలం క్రాంకుకు పూర్తిగా అందుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్ నిండా మిశ్రమం ఉంటుంది, వేగంగా మండుతుంది. తెరిపి రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు థ్రాటిల్ కొద్దిగానే తెరిచి ఉంటుంది. లోపలికి వచ్చే మిశ్రమం తక్కువ, మిగిలిపోయిన పాత పొగ పాలు ఎక్కువ, మంట నెమ్మదిగా పాకుతుంది. అటువంటప్పుడు నిప్పురవ్వ మరో పది డిగ్రీలకు పైగా ముందే పుట్టాలి. వేగాన్ని బట్టి అడ్వాన్స్ ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులకు థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో తెలియదు; ఆ సంగతి చెప్పేది ఈ పొర ఒక్కటే. పొర చిరిగితే మంట ఆలస్యమై, పిస్టన్‌ను నెట్టవలసిన వేడి ఎగ్జాస్ట్ గొట్టంలోకి పోతుంది.

ఈ లోపం ఇన్నేళ్ళు ఎలా దాగిందంటే, పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు ఉండదు కనుక ఆ స్థితిలో యూనిట్ ఉన్నా లేనట్టే. ఎత్తు మీద లాగుడు బాగానే ఉంటుంది, పికప్ బాగానే ఉంటుంది. బండి నిలిచి ఇంజిను మాత్రం తిరిగే ఐడిలింగ్‌లో కూడా ఆ రంధ్రం దగ్గర వాక్యూమ్ అందదు, అందుచేత టైమింగ్ లైటు పట్టినా అంతా సవ్యంగానే కనబడుతుంది. బండి ఎక్కడా ఫిర్యాదు చేయదు. వారం క్రితం లైటు పట్టుకుని టైమింగ్ సరిగ్గా ఉందని తృప్తిపడిన నేను, ఆ పైపును ఒక్కసారి పీల్చి చూసి ఉంటే బాగుండేది.

కొత్త యూనిట్ కొనేటప్పుడు దాని మీద చెక్కిన మూడు అంకెలు చూసుకోవాలి. మొదటిది కదలిక మొదలయ్యే వాక్యూమ్, రెండోది గరిష్ఠానికి చేరే వాక్యూమ్, రెండూ అంగుళాల పాదరసంలో; మూడోది గరిష్ఠంగా ఇచ్చే అడ్వాన్స్, డిస్ట్రిబ్యూటర్ డిగ్రీల్లో. క్రాంక్ షాఫ్టు లెక్కలో మూడో అంకెకు రెట్టింపు వస్తుంది. ఆకారం ఒకటే కదా అని వేరే కారు యూనిట్ బిగిస్తే బోల్టులు సరిపోతాయి, అడ్వాన్స్ సరిపోదు. పాతదాని మీద తుప్పు గీకి అంకెలు చదివి, అవే అంకెలున్నది తెప్పించాను.

13.6 లీటర్లు. లీటరుకు 12.4. ఒక్క చిన్న పొర ఏడు శాతానికి పైగా ఇచ్చింది. ఆ రాత్రి కాగితం మీద లెక్క మూడుసార్లు చేశాను.

ముప్పై ఆరో రోజు

కార్బురేటర్ వంతు వచ్చింది. దీని జబ్బును మొదట పట్టింది మా అమ్మాయి. ఇంజిను ఆపి, ఇగ్నిషన్ తాళం ఆన్‌లో వదిలి నేను కింద ఏదో వెతుకుతుంటే, "నాన్నా, ఇంజిను ఆగినా అది టిక్కుటిక్కుమంటూనే ఉంది" అంది. ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు చప్పుడు అది. కార్బురేటర్‌కు పెట్రోలు నిలవ ఉంచే ఫ్లోట్ చాంబర్ నిండగానే పంపు మౌనం వహించాలి. ఇది ఎనిమిది, పది సెకన్లకొకసారి కొడుతోంది. పంపు కొట్టిన ప్రతిసారీ ఎక్కడో పెట్రోలు పోతోందన్నమాట. ఓవర్‌ఫ్లో గొట్టం చివర ఒక తెల్లకాగితం పెట్టి చూస్తే, చుక్క చుక్కగా తడిసింది. ఫ్లోట్ పైనుండి పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు మొనలో చిన్న గాడి పడింది. వేడి ఇంజిను పక్కన పెట్రోలు చుక్కలు పడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. వాల్వు మార్చాక పంపు కొట్టి ఊరుకుంది. ఐదు నిమిషాలు కూర్చుని విన్నాం, మళ్ళీ కొట్టలేదు.

తరువాత పెట్రోలు బయటికి వచ్చే రంధ్రం, అంటే జెట్. ఎస్‌యూ కార్బురేటర్‌లో చోక్ లాగితే గాలి దారి మూసుకోదు, జెట్ కిందికి దిగుతుంది. కొన దేరిన సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. చోక్ నాబ్ లోపలికి నెట్టినప్పుడు జెట్ తిరిగి పైకి వచ్చి నట్టుకు ఆనుకోవాలి. నాబ్ పూర్తిగా నెట్టి, టార్చి వేసి చూస్తే జెట్‌కూ నట్టుకూ మధ్య మిల్లీమీటరుకు పైగా సందు కనబడింది. వేలితో పైకి ఒత్తితే ఎక్కింది, వదిలితే అక్కడే ఉంది. మళ్ళీ చోక్ లాగి నెడితే మళ్ళీ మధ్యలో ఆగింది. ఫ్లోట్ చాంబర్ నుంచి జెట్‌కు వచ్చే నైలాన్ గొట్టం గట్టిపడి దాన్ని కిందికి పట్టి ఉంచుతోంది. ప్రతి ఉదయం చోక్ వాడాక రోజంతా బండి సగం చోక్‌తోనే నడుస్తూ వచ్చింది. ప్లగ్గుల మీది మసి గుట్టు విడిపోయింది.

కొత్త గొట్టంతో ఉన్న జెట్ వేసి, సూదికి సమంగా మధ్యలో నిలిపి, నట్టును పూర్తిగా పైకి బిగించి అక్కడి నుంచి 12 పలకలు, అంటే రెండు చుట్లు, కిందికి దింపి మొదలుపెట్టాను. కార్బురేటర్‌లోని పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డాష్‌పాట్‌లో ఆయిల్ పోశాను. ఇంజిను బాగా వేడెక్కాక పక్కనున్న పిన్నుతో ఆ పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ లేపి చెవి ఒగ్గి వినాలి. ఇంజిను వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన, వెంటనే పడిపోయి ఆగబోతే పలచన, క్షణం పాటు కొద్దిగా పెరిగి మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో పలక చొప్పున పైకి తిప్పుతూ, ప్రతిసారీ యాక్సిలరేటర్ ఒకసారి రేపి, మళ్ళీ విన్నాను. 11 దగ్గర కుదిరింది.

12.7 లీటర్లు, లీటరుకు 13.2.

నలభై మూడో రోజు

ఈ రోజు నా ఆశ నన్ను తప్పుదారి పట్టించింది. పలచన చేస్తే ఇంత మిగిలింది కదా, ఇంకో రెండు పలకలు పలచన చేస్తే ఇంకెంత మిగులుతుందోనని 9కి తిప్పాను. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం తటపటాయించసాగింది, ఎత్తు మీద సన్నగా నాకింగ్, అంటే ఇంజినులో తట్టుతున్న చప్పుడు, వినబడింది, థర్మోస్టాట్ మూత 94 చూపింది. చివరికి 13.1 లీటర్లు పట్టింది, లీటరుకు 12.8. తగ్గలేదు సరికదా పెరిగింది. మిశ్రమం మరీ పలచనైతే మంట నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు అంటుకోకుండానే పోతుంది, అదే వేగానికి నేను పాదం మరింత నొక్కవలసి వస్తుంది. పైగా ఇథనాల్‌లో దాని ఆక్సిజన్ దానికే ఉంటుంది కనుక, పాత పెట్రోలు కోసం చెక్కిన సూదితో ఈ ఇంధనం ఎలాగూ కాస్త పలచనగానే నడుస్తోంది. మర్నాడే 11కు తెచ్చి, అక్కడి నుంచి అర పలక చిక్కన చేసి వదిలాను. రెండు వందల కిలోమీటర్ల తరువాత విప్పిన ప్లగ్గుల మొనలు లేత గోధుమ రంగులో ఉన్నాయి.

యాభయ్యో రోజు

ఇన్‌లెట్ మానిఫోల్డుకు తాత్కాలికంగా ఒక వాక్యూమ్ గేజ్ తగిలించి, ముల్లును డ్రైవర్ కంట పడేలా పెట్టాను. ఐడిలింగ్‌లో 18 అంగుళాల దగ్గర ముల్లు వణక్కుండా నిలిచింది. వాల్వులు, టైమింగ్ బాగున్నాయనడానికి అదొక సాక్ష్యం. ముల్లు ఎంత పైన ఉంటే అంత పొదుపు అని చాలామంది చెబుతారు. ఒకే గేరులో, ఒకే వేగంలో అది నిజమే. గేర్ల మధ్య పోలిస్తే నిజం కాదు: 50 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ముల్లు పైన ఉంటుంది, నాలుగులో కిందికి దిగుతుంది, పొదుపు మాత్రం నాలుగులోనే. ఇరుకుగా తెరిచిన థ్రాటిల్ గుండా గాలి పీల్చుకోవడానికే ఇంజిను కొంత శక్తి ఖర్చు చేస్తుంది. టాప్ గేరులో థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరిచి, ఇంజిను నెమ్మదిగా తిరిగితే ఆ ఖర్చూ, రాపిడి ఖర్చూ రెండూ తగ్గుతాయి. ఇంజిను వణకకుండా లాగగలిగినంత వరకే ఇది వర్తిస్తుంది.

ఈ గేజ్ ఉన్నప్పుడే వేగం సంగతి కూడా తేల్చుకున్నాను. తెరిపి రోడ్డు మీద 75కు బదులు 90 మీద నిలిపి అదే 168 కిలోమీటర్లు తిరిగితే 14.6 లీటర్లు తాగింది. గాలి అడ్డగింపు వేగం వర్గంతో పెరుగుతుంది. 75 నుంచి 90కి వెళ్ళడమంటే ఆ బలాన్ని 1.44 రెట్లు చేయడం. నిలువు ముఖంతో, బయటికి పొడుచుకొచ్చిన ఫెండర్లతో ఉన్న ఈ కారు గాలిని చీల్చుకుపోయేలా మలచినది కాదు. వాక్యూమ్ పొర ఇచ్చిన లాభానికి దాదాపు రెట్టింపు, నా పాదం ఒక్క పూటలో పోగొట్టగలదు.

యాభై ఏడో రోజు

వాయిదా వేసిన టైర్లు. 165/65 తీసి, 155/80 ఆర్14 వేయించాను. వ్యాసం 570 నుంచి 604 మిల్లీమీటర్లకు పెరిగింది, వెడల్పు తగ్గింది. అదే వేగానికి ఇంజిను చుట్లు ఐదున్నర శాతం తగ్గాయి. ఈ కారు వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ గేరు నిష్పత్తి 4.22, దాని బదులు 3.9 వేసుకుంటే చుట్లు ఏడున్నర శాతం తగ్గుతాయని తెలిసి, ఆ ఆలోచనతో కొన్నాళ్ళు గడిపాను. తప్పు టైరు సరిచేస్తేనే అందులో ముప్పాతిక వంతు చేతికి వచ్చింది కనుక, మంచి స్థితిలో ఉన్న ఇరుసును విప్పే ఆలోచన మానుకున్నాను. నిండా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు 4.22 ఇచ్చే బలం కూడా నాకు కావాలి.

టైర్ల తరువాత 12.2 లీటర్లు, లీటరుకు 13.8. ఓడోమీటరు ఇప్పుడు 84 కిలోమీటర్లకు 84.3 చూపుతోంది. తొలి పరీక్షలో 16.6 లీటర్లు పట్టిన అదే దారికి నాలుగు లీటర్లకు పైగా తక్కువ పడుతోంది.

ఒక పని మిగిలింది. టైమింగ్ లైటు వేసినప్పుడు క్రాంకు పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలవకుండా రెండు డిగ్రీల మేర ఊగుతోంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును రెండు వేళ్ళతో పట్టి పక్కకు కదిపితే సన్నటి కదలిక తెలుస్తోంది, బుష్షు అరిగింది. అది ఊగినంత సేపూ పాయింట్ల గ్యాపు సిలిండరు సిలిండరుకూ మారుతూనే ఉంటుంది. బుష్షు తెప్పించాను, వచ్చాక డిస్ట్రిబ్యూటర్ బల్ల మీదికి తీస్తాను.